లొల్ల లాకుల దగ్గర

తెల్లారగట్ల నాలుగున్నరకి
రావులపాలెంలో జానీ బాషా కొట్టు తలుపు తీసేసరికి
ఐసుముక్కలేసిన ఫ్లాస్కుతో నేనుంటాను.
"రక్తం గొట్టమే గదా మేడమ్, మాంసం వద్దు గదా"
రోజూ అదే అడిగి రోజూ అదే నవ్వు నవ్వుతాడు.
వేలెడంత ధమని. వేడింకా చల్లారలేదు.
డబ్బులిస్తే తీసుకోడు. ఒక్కోసారి తీసుకుంటాడు.

కాలేజీలో దాన్ని ఉంగరాలుగా కోస్తాను.
ఒక్కోటి మూడు మిల్లీమీటర్లు,
పసిపిల్ల చెవిపోగంత.
రెండు తీగ కొక్కేల మధ్య తగిలించి
గోరువెచ్చని ఉప్పునీళ్ళలో దించి
కింద నుంచి ఆక్సిజన్ బుడగలు వదులుతాను.
చచ్చిపోయిన మేకలో ఇంకా చావని ఆ కాస్తకీ
గంటన్నర సేపు ఊపిరి అలవాటు చేస్తాను.

తర్వాత ఒక్క చుక్క, నారెడ్రినలిన్.
పాము కనబడితే మన ఒంట్లో పరుగెత్తేది అదే.
కండరం మీద దాని కోసమే కాచుక్కూచున్న గ్రాహకాన్ని
పుస్తకాలు తాళంకప్ప అంటాయి.
కోనసీమ దాన్ని, నాకు లాకే కనబడుతుంది:
చుక్క తగలగానే చక్రం తిరిగి
తలుపు దిగి
నాళం బిగుసుకుని
కాగితం మీద గీత గట్టెక్కుతుంది.

ఇంతవరకూ బాగానే ఉంది.
ఇప్పుడు తుప్పు పట్టించాలి.

పుండు కడిగే పెరాక్సైడే, లెక్కగట్టి పలచన చేసింది.
అరగంట నానబెడతాను.
గ్రాహకంలో గంధకం ఉన్న చోటు వెతుక్కుని మరీ కొరుకుతుందది.
బతికించేదీ ఆక్సిజనే, కొరికేదీ ఆక్సిజనే
అని థీసిస్‌లో రాస్తే
మా గైడు ఎర్రసిరాతో కొట్టేశారు.

మరింత బిగుస్తుందనుకున్నాను.
నాళాన్ని వదులుచేసే నైట్రిక్ ఆక్సైడుని
ఈ తుప్పు మింగేస్తుందని, బీపీ అలాగే ఎక్కుతుందని
చదివిన చదువంతా అదే.
నా గీత మాత్రం సగం దాకా వెళ్ళి ఆగింది.
చుక్క పెంచాను. పది రెట్లు. వంద రెట్లు.
ఆగిన చోటే ఆగింది.
పోనీ అని కడిగేస్తే, దిగాల్సిన గీత
కిందికీ దిగలేదు.
పదకొండు ఉంగరాలు. తొమ్మిదింటిలో ఇంతే.

సాయంత్రం లాకుల దగ్గర స్కూటీ ఆపాను.
కాలువ కట్టేసిన రోజులు.
అడుగున బురద, ఎండి నల్లబడిన గుర్రపుడెక్క,
మోకాలి లోతు గుంటల్లో మట్టగిడసల కోసం పిల్లలు.
లస్కరు గెద్దాడ ఏసుపాదం
గేటు పళ్ళచక్రానికి గ్రీజు పట్టిస్తున్నాడు.
చొక్కా జేబులో చుట్టా, బీపీ మాత్రల అట్టా
ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి.
నిరుడు ఒక మాత్ర. ఈ ఏడు రెండు.

మేక సంగతితో సహా అంతా చెప్పాను.
చేతులు గోనెపట్టాకి తుడుచుకుని అన్నాడు:
"ఆయ్, తుప్పంటే మూసుకుపోడం కాదండి.
మాట ఇనకపోడం.
తియ్యమంటే తియ్యదు, ముయ్యమంటే ముయ్యదు.
నీళ్ళు రాలేదని దిగువోళ్ళు నన్నే తిడతారు,
మునిగిపోయేమని ఎగువోళ్ళూ నన్నే తిడతారు.
దాన్నెవరూ తిట్టరండి."

రెండు మాత్రలూ మింగినా
నిన్న ఆయన బీపీ నూట డెబ్భై.
చుట్ట మానెయ్యండి అన్నాను.
"అది మానేస్తే నా చెయ్యి తిరగదండీ" అని
చక్రం నాకిచ్చి చూడమన్నాడు.

రెండు చేతులా తిప్పాను.
సగం చుట్టు వచ్చి
ఆగింది.
అరచేతుల్లో ఇటుకరంగు పొడి.
ఇరుసులోకి కిరసనాయిలు పోసి
"కూకోండి, నానాలి కదా" అన్నాడు.

గట్టు మీద కూచున్నాం.
పిల్లలకి ఒక గిడస దొరికింది, జారిపోయింది.
ఫ్లాస్కులో పొద్దుటి ఐసు కరిగి
గుక్కెడు నీళ్ళు మిగిలుంటే
కాలువలో పారబోశాను.
బురద అలా తాగేసింది,
తడి కూడా కనబడనివ్వకుండా.